ఎవరి మాట వారి గొంతులో

శనివారం సాయంత్రం అయిందంటే చాలు, పెద్దావిడ ఇస్త్రీ చీర కట్టుకుని యూనివర్సిటీకి బయలుదేరేది. మహమ్మారి సద్దుమణిగాక అక్కడ సెమినార్లు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మనుషులు ఏమైపోయారో, సమాజం ఎటు పోయిందో మాట్లాడటానికి చరిత్రవాళ్ళూ సాహిత్యంవాళ్ళూ వస్తారు. వినడానికి ఎవరైనా రావచ్చు. పెద్దావిడ మొదటి వరసలో కూర్చుని, పక్కవాళ్ళు అడిగినా అడక్కపోయినా, "స్టేజీ మీదున్న ప్రొఫెసర్ మా అబ్బాయే" అని చెప్పేది.

లాక్‌డౌన్‌లో తాళం పడి ఉన్న ఆ హాలుకి అప్పటినుంచీ ఒక అలవాటుంది. అక్కడ ఎవరి నోట ఏ మాటొచ్చినా, అది మొదట ఎవరి దగ్గర పుట్టిందో వాళ్ళ గొంతులోనే వినిపిస్తుంది. పుస్తకాల్లోంచి అప్పజెప్పే కుర్ర లెక్చరర్ల నోట ముసలి పండితుల గొంతులు దగ్గుతో సహా వచ్చేవి. మైకు చూసుకునే ఆయన గొంతుని బట్టి మీట తిప్పడం నేర్చుకున్నాడు. ప్రశ్నల సమయంలో టైలరొకాయన లేచి, "టీ చల్లారిపోతోంది, ఇక లేవండి" అనేవాడు. మహమ్మారిలో పోయిన భార్య గొంతు హాలంతా వినపడేది. అది ప్రశ్న కాదని ఎవరూ అనలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని కూర్చున్నాకే తర్వాతి ప్రశ్న.

ఇన్నాళ్ళూ కొడుకు అధ్యక్షత మాత్రమే వహించాడు. "వక్తని సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అన్నప్పుడల్లా ఎప్పుడో రిటైరైన రిజిస్ట్రారు గొంతు వచ్చేది. ఈ శనివారం మాత్రం ప్రసంగం అతనిదే. మహమ్మారి రోజుల్లో ఇంటి గురించి.

కోడలు ఆ ప్రసంగం కాగితాలు టైప్ చేసి, మొగుడి కళ్ళజోడు తుడిచి, సంచీ సర్దింది. ఆమె కూడా ఒకప్పుడు అక్కడ పరిశోధన చేసినదే. లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ ఇంట్లో కూర్చునేసరికి మానేయాల్సి వచ్చింది. ఇప్పుడు తిరిగి రమ్మని యూనివర్సిటీ పిలిచింది, సోమవారంలోగా జవాబు చెప్పాలి. పొద్దున ఆ మాటెత్తితే మొగుడు, "అమ్మనడుగు" అని పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు. ఇంటి పెత్తనం ఆడవాళ్ళదేనని ఒప్పుకోవడంలో మగవాళ్ళకున్న సుఖం అదే. పెద్దావిడ కుదరదంది. మనవరాలికి స్కూలుంది, తనకి మోకాళ్ళున్నాయి.

హాల్లో కోడలు ఒక పక్క, టైలరు ఇంకో పక్క. పెద్దావిడ టైలరుకి ఆ సంగతే చెబుతూ, "ఆడదాని చదువు పిల్లలకి ఎక్కాలు చెప్పడానికి సరిపోతే చాలదూ" అంది. ఆ మాట ఎన్నడో పోయిన అత్తగారి గొంతుతో, ముక్కుతో పలికే తీరుతో సహా వచ్చింది.

"మీ అత్తగారా?" అన్నాడు టైలరు మర్యాదగా.

"ఆవిడే" అని పెద్దావిడ కొంగు సర్దుకుంది. ఆ మాట వినే తను కాలేజీ పుస్తకాలు అటకెక్కించింది.

కొడుకు మైకు ముందుకొచ్చాడు. హాలు సంగతి తెలిసీ ఎలా వచ్చాడంటే, ఆ కాగితాలు తనవేనని నిజంగానే నమ్మాడు. భోజనాల దగ్గర భార్య చెప్పిందంతా విన్నది తనే. "బావుంది, టైప్ చేసెయ్" అన్నదీ తనే. ఇక వేరే ఎవరివవుతాయి?

మొదటి వాక్యమే కోడలి గొంతుతో వచ్చింది.

"మహమ్మారి రోజుల్లో ఇల్లు అందరికీ ఆశ్రయం. ఒక్క మనిషికి మాత్రం సెలవు లేని ఆఫీసు."

అతను ఆగి నీళ్ళు తాగాడు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే గొంతు. హాల్లో ఎవరూ నవ్వలేదు. మైకాయన మీట సవరించాడు, వినేవాళ్ళు పెన్నులు తీశారు. పెద్దావిడ కోడలికేసి చూసింది. కూర దించానత్తయ్యా అని చెప్పే గొంతేనా ఇది?

ఆ గొంతు జ్వరమొచ్చిన మనిషిని వెనకగదిలో పెట్టి తలుపేసిన ఇంటి గురించి చెప్పింది. తలుపుకి అటొక ఆడమనిషి, ఇటొక ఆడమనిషి. ఇటునుంచి పళ్ళెం పెట్టినప్పుడల్లా అటునుంచి ఆయాసపడుతూనే ఒక మాట అడిగేదట. అక్కడ కొడుకు నోట గొంతు మారింది.

"నువ్వు తిన్నావా?"

అది పెద్దావిడ గొంతు. ఆ మాట తనకి ఎవరూ నేర్పలేదు. తననెవరూ అలా అడిగిన పాపాన పోలేదు. ఎక్కడిదో తెలీకుండా తనలోంచే వచ్చిన మాటని ఈ పిల్ల పారేయకుండా దాచి, ఇంతమంది ముందు పెట్టింది.

చివర్లో "అందరికీ ధన్యవాదాలు" అన్నది మళ్ళీ రిజిస్ట్రారే. ప్రశ్నల సమయానికి కుర్చీలన్నీ కోడలివైపు తిరిగాయి. డీన్ మేడం ముందుకు వంగి, సోమవారం ఆమె జవాబు కోసం ఎదురుచూస్తుంటామంది. కోడలు అత్తగారి వైపు చూసింది.

టైలరు మైకు అందించాడు. పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. నోరు తెరిస్తే మళ్ళీ అత్తగారు దిగుతుందేమోనని జంకింది.

"సోమవారం దాకా ఎందుకమ్మా. మా కోడలు వస్తుంది. పిల్లని స్కూలు నుంచి నేను తీసుకొస్తా. వంట వీడు నేర్చుకుంటాడు."

కొడుకు ఏదో అనబోయి, నోరు తెరిస్తే నాన్న గొంతు వస్తుందని తెలిసి మూసుకున్నాడు.

పెద్దావిడ మాట వెనకవరస దాకా వినపడింది. జ్వరం తర్వాత కాస్త బొంగురుపోయింది గానీ, అచ్చంగా ఆవిడ గొంతే. మైకాయన మీట ముట్టుకోలేదు. కూర్చుంటూ ఆవిడ, టైలరు అడక్కపోయినా, "ఆ రాసిందంతా మా కోడలే" అంది.

ఆ ఇంట్లో అంతకుముందు ఆ మాట ఎవరూ అనలేదు. అది కూడా ఆవిడ గొంతులోనే వచ్చింది.