గొంతు తెగని పరుగు

పరుగంటే కాళ్ల పని అనుకునేవాళ్లు మా పాలెం ఆడవాళ్ల వెనక ఒక్క పొద్దు రావాలి. నెత్తిన నీళ్లు కారే గంప, గంపలో అప్పుడే వల విదిలించి పోసిన చేపలు, కాళ్ల కింద ఇసుక. సముద్రపొడ్డు నుంచి ఉప్పుకాలువ రేవు రెండు మైళ్ల పైమాటే. కాలువ అవతలి గట్టున కొడవలూరు నుంచి సైకిళ్ల మీద వచ్చిన బేరగాళ్లు కాచుకుని ఉంటారు. మమ్మల్ని అవతలికి చేర్చేది నాగూర్ సాయిబు పడవ. ఆయన పొద్దున ఒక్కసారే దాటిస్తాడు. ఆ తర్వాత సరుగుడు కట్టెలు ఎక్కించుకుని తెరచాప ఎత్తి వెళ్లిపోతాడు. ఇంక మనం గట్టు మీద నిలబడి కేకలు పెట్టినా, కొంగు ఊపినా వెనక్కి చూడడు. పడవ తప్పిందంటే ఆ పూట చేప ఉప్పులో పడి ఎండుచేప ధరకు పోవాల్సిందే.

అందుకే పరిగెత్తుతాం. ముందు రవణమ్మక్క, ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరం. పడవలో పట్టినంతమందే వరుస, అందులో ఇంటికి ఒక్క చోటే. అత్త కాళ్లు ఆగిపోతే ఆ చోటు కోడలిది. నా పేరు మస్తానమ్మ. నాకు నోరెక్కువని పాలెమంతా అంటుంది. అనుకోనీ. మా వరుసలో నోరే ముఖ్యం.

ఎందుకంటే మా పరుగుకొక పద్ధతుంది. బయల్దేరగానే రవణమ్మక్క ఏదో ఒక సంగతి ఎత్తుతుంది. ఫలానా ఇంట్లో కోడిని కుక్క ఎత్తుకుపోయింది అంటుంది. దాన్ని రెండో మనిషి అందుకోవాలి, ఆమె నుంచి మూడో మనిషి, అట్లా చివరిదాకా పోయి మళ్లీ ముందుకు రావాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయాసంతో ఎవరి గొంతైనా తెగిందో, రవణమ్మక్క "నడక" అంటుంది. అందరం నడుస్తాం. ఆ గొంతు సర్దుకున్నాక మళ్లీ పరుగు. నోరు ఆడినంత మేరకే కాలు ఆడాలి, అంతకు మించితే మనిషి రేవు దాకా రాదు. ఒకరిని వదిలేసి మిగతావాళ్లు పోవడం కూడా మా వరుసలో లేదు.

చైనా యుద్ధానికి ముందటి ఏడు గురవమ్మత్త మోకాళ్లు పోయాయి. వరుసలో నా ముందు చోటు ఆమెది. ఆ చోటుకి కోడలు పేరమ్మ వచ్చింది, మాలకొండయ్య పెళ్లాం. పేరమ్మది నాయుడుపేట అవతల పులికాట్ చెరువు పక్క ఊరు. అక్కడ చేపలు పడవలో గట్టుకే వస్తాయి, ఆడవాళ్లు కూర్చుని అమ్ముకుంటారు. పరిగెత్తే పని పుట్టి బుద్ధెరిగి లేదు ఆ పిల్లకి. దానికి తోడు నోట్లో నాలుక లేని మనిషి. వచ్చి ఏడాదైనా దాని గొంతు ఎట్లా ఉంటుందో మాకు సరిగ్గా తెలియదు.

వరుసలోకి వచ్చిన మొదటి రోజే కోడెదూడలా లేచింది. ముందున్న మనిషి మడమలు తొక్కేస్తూ పరుగు. అత్తకు చెడ్డపేరు రాకూడదని దాని పట్టుదల. మాట దాని దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం "ఊఁ" అనేది. పాపం, దాని తీరే అంత అని మేం నవ్వుకుని వదిలేశాం. తప్పంతా అక్కడ జరిగింది. ఊఁ అనడానికి ఎంత ఊపిరి కావాలి? లోపల ఆయాసం ఎంతుందో ఆ ఊఁలో తెలియదు. అది పెదాలు బిగించి, ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ, కళ్లు తేలేస్తూ పరిగెత్తుతోందని మాలో ఒక్కరికీ పట్టలేదు.

ఆ వారంలోనే సరుగుడు తోపు దగ్గర పడిపోయింది. గంప బోర్లాపడి నెత్తళ్ల చేపలన్నీ ఇసుకలో కలిశాయి. పేరమ్మ కాళ్లకు తట్టుకుని నేనూ పడ్డాను. మొహాన నీళ్లు కొట్టి, లేపి, నడిపించుకుంటూ రేవు చేరేసరికి నాగూర్ సాయిబు తెరచాప కాలువ వంపు తిరిగిపోతోంది. ఆ పొద్దు వరుసలో ఉన్న ఇళ్లన్నిటి చేపలూ ఉప్పులో పడ్డాయి. నేను దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంటికి పోయేదాకా తిట్టాను. ఇప్పటికీ అందులో ఒక్క మాట వెనక్కి తీసుకోను.

సాయంత్రం రవణమ్మక్క గురవమ్మత్త గడపలో కూర్చుని విషయం తేల్చేసింది. అమావాస్య దాకా పేరమ్మ వరుసలోకి రావద్దు. అమావాస్య మర్నాడు ఒక్క అవకాశం. ఆ రోజు గనక దానివల్ల పడవ తప్పితే ఆ చోటు పెంచలయ్య ఇంటికి పోతుంది. పెంచలయ్య ఇంట్లో ఇద్దరు కోడళ్లు చుట్టకుదుళ్లు నెత్తిన పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. చోటు పోవడమంటే చిన్న సంగతి కాదు. ఇంక మాలకొండయ్య ఎంత మంచి చేప తెచ్చినా ఒడ్డు మీద అడిగినకాడికి ఇచ్చుకోవాలి. గురవమ్మత్తకు ఆ చోటు వాళ్లత్త ఇచ్చింది, ఆమెకు వాళ్లత్త ఇచ్చింది. పేరమ్మ గుంజ పట్టుకుని నిలబడి, "వస్తానక్కా" అంది. అంత పొడుగు మాట దాని నోట నేను వినడం అదే మొదలు.

మర్నాటి నుంచి ఒడ్డున తమాషా మొదలైంది. గురవమ్మత్త కర్ర పట్టుకుని, కాలీడ్చుకుంటూ వచ్చి బోర్లించిన నావ మీద కూర్చునేది. ఒడ్డు పొడుగునా తెప్పలు లాగి ఉంటాయి కదా, ఒక తెప్ప నుంచి ఇంకో తెప్ప దాకా పరుగు, అక్కడి నుంచి ఆ పై తెప్ప దాకా నడక. మళ్లీ పరుగు, మళ్లీ నడక. మొదట గంప కూడా లేదు. పేరమ్మ వేగం ఎత్తినప్పుడల్లా కర్ర ఇసుకలో కొట్టి ఆపేది. అడుగు చిన్నదిగా వెయ్యమంటుంది, మడమ ఎగరేయొద్దంటుంది, ఎండిన ఇసుక వదిలి తడి అంచున పొమ్మంటుంది. ఆ తర్వాత ఖాళీ గంప. ఆ తర్వాత గంపలో దోసెడు తడి ఇసుక. రోజూ ఇంకొంచెం. నడిచే తెప్పలు తగ్గుతూ, పరిగెత్తే తెప్పలు పెరుగుతూ వచ్చాయి.

కాళ్లు బాగానే మాట విన్నాయి. నోరే వినలేదు. పెదాలు బిగిస్తేనే పరుగు వస్తుందని ఆ పిల్లకి ఎక్కడో నాటుకుపోయింది. ఒకరోజు నేను వల ముడులు విప్పుకుంటూ పక్కనే ఉన్నాను. గురవమ్మత్తకు కోపం వచ్చింది.

"నోరు మూసుకోని పరిగెత్తేది దొంగ. నువ్వు చేపలమ్మేదానివి. మాట్లాడు మే."

"ఏం మాట్లాడేది అత్తా?"

"నీ కడుపులో ఏముంటే అది."

"ఏమీ లేదు అత్తా."

కడుపులో ఏమీ లేని ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. గురవమ్మత్త కూడా చూసి ఉండదు. సరేనని తెప్పల పేర్లు చెప్పుకుంటూ పొమ్మంది. పేరమ్మ ఇది చెంగయ్య తెప్ప, ఇది పెంచలయ్య తెప్ప అని చెప్పుకుంటూ పరిగెత్తింది. అవి అయిపోతే చేపల పేర్లు. అవీ అయిపోతే పులికాట్ చెరువు చుట్టూ ఉన్న ఊళ్లు, ఆ ఊళ్లలో తన చుట్టాలు. బడిపిల్ల ఎక్కం చెప్పినట్టు చెప్పేది గానీ, గొంతు మాత్రం రోజురోజుకీ నిలబడింది. ఎండ ముదిరి మేమంతా నీడకు చేరినా ఆ పిల్ల ఒడ్డు వదిలేది కాదు. నా కోపం అప్పటికి సగం చల్లారింది. మిగతా సగం అమావాస్య మర్నాటికి దాచుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. దానికి తగ్గట్టు గాలి ఎదురు తిరిగి తెప్పలు ఆలస్యంగా ఒడ్డు పట్టాయి. గంపలు నింపుకునేసరికి పొద్దు పైకెక్కింది. దారిలో ఒక్కసారి నడిచినా పడవ అందదని అందరికీ తెలుసు. రవణమ్మక్క చుట్టకుదురు సర్దుకుని, ఆలస్యమైంది కదా అని ఎవరూ అడుగు పెంచొద్దంది. రోజూ వేసే అడుగే వెయ్యాలి, కాకపోతే ఆగకూడదు. గురవమ్మత్త నావ మీద నుంచి చూస్తూ కూర్చుంది. పేరమ్మ వెనక్కి తిరిగి ఆమె వంక చూడను కూడా లేదు.

బయల్దేరాం. రవణమ్మక్క ఎదురుగాలిని తిట్టింది, అక్కడి నుంచి మాట నడిచింది. పేరమ్మ వంతు వచ్చింది. వాళ్ల ఊరి దగ్గర గాలి తిరిగితే పడవలు ఏ తిప్పకు చేరతాయో చెప్పింది. అడుగు చిన్నగా, వీపు నిటారుగా, గంప కదలకుండా ఉంది. రెండోసారి చుట్టాల సంగతి చెప్పింది. బాగుంది అనుకున్నాను. మూడోసారి ఊళ్ల పేర్లు. అప్పటికి ఇసుక దిబ్బలు దాటి సరుగుడు తోపులో పడ్డాం. అక్కడ ఇసుక మెత్తన, కాలు దిగబడుతుంది. ఒడ్డున తడి అంచు మీద నేర్చుకున్న కాళ్లు అవి. మళ్లీ వంతు వచ్చింది. పేరమ్మ రెండు చేపల పేర్లు చెప్పి ఆగిపోయింది.

దాని దగ్గర ఉన్న మాటలు అయిపోయాయి. పెదాలు మూతపడ్డాయి, ముక్కుతో ఊపిరి బుసబుసమంటోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. క్రితంసారి నేను పడింది సరిగ్గా ఆ చెట్ల మధ్యే. ముందున్న రవణమ్మక్క తల కొంచెం పక్కకు తిరిగింది, చెవి ఒగ్గి వింటోంది. ఇంక "నడక" అనడమే తరువాయి. అంటే పడవ పోయినట్టే, చోటూ పోయినట్టే. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నా చేపల సంగతి నాకు గుర్తులేదు. మాట్లాడవే తల్లీ అని లోపల మొక్కుకున్నాను.

"మా అత్త," అంది పేరమ్మ.

అందరి చెవులూ నిక్కాయి.

"మా అత్త మొన్న మా నాయన వస్తే ఆయనకి తోకముక్క ఏసింది."

వంతు ఎవరిదో అందరూ మర్చిపోయారు. "ఏసి?" అంది రవణమ్మక్క ముందు నుంచి.

"నడిముక్క పిల్లికేసింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంక పేరమ్మ ఆగలేదు. కడిగిన కుండ మళ్లీ కడిగిస్తుందంది. కోడలి చేతి పులుసులో ఉప్పు చాలదని గిన్నె పక్కకు నెడుతుంది, ఎవరూ లేనప్పుడు అదే పులుసు రెండుసార్లు పోసుకుంటుందంది. గురక తాను పెట్టి, పొద్దున్నే కోడలి మీదికి తోస్తుందంది. మాలకొండయ్య పూలు తెస్తే సగం తుంచి తన కొప్పులో పెట్టుకుంటుందంది. ఏడాది పాటు మింగిన మాటలన్నీ వరస తప్పకుండా వస్తున్నాయి. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి, ఒక్కో ఊపిరికీ అన్నే అడుగులు. నవ్వు ఆపుకోలేక మా గొంతులే తెగేట్టున్నాయి గానీ దాని గొంతు గుండ్రాయిలా ఉంది. తోపు ఎప్పుడు దాటామో నాకు తెలియదు.

కాలువ గట్టు కనబడింది. తెరచాప ఇంకా ఎత్తలేదు.

"ఇంకా ఏం చేస్తాది మీ అత్త?" అన్నాను నేను, ఆపనియ్యకుండా.

"నేను నిద్రపోయినాననుకోని చీకట్లో నా కాళ్లకి ఆముదం రుద్దతాది. తన మోకాళ్లు వంగవు, నేల మీద బోర్లా పడుకోని రుద్దతాది. పగలు రుద్దితే ఏం? నలుగురూ చూస్తే ఏం పోయింది ఆమెకి?"

అది కూడా తిట్టులాగే చెప్పింది. ఈసారి ఎవరమూ నవ్వలేదు. నా కళ్ల ముందు గట్టు మసకబారింది, చెమటని చెప్పుకున్నాను. నాగూర్ సాయిబు మోకు విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు. మేం కనబడకముందే మా గోల వినబడింది కాబట్టి ఆగానని, లేకుంటే పోయేవాణ్ణని విసుక్కుంటూ గంపలు అందుకున్నాడు. పేరమ్మ తన గంప తానే దించుకుంది. పడవలో కూర్చున్నాక మళ్లీ దాని నోరు మూతపడింది.

అమ్ముకుని, కట్టెలు దించి వచ్చిన పడవలో ఇవతలికి దాటి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గురవమ్మత్త గడపలో కూర్చుని ఉంది. పడవ అందిందా అని అడగలేదు, ఖాళీ గంపలు చూస్తే తెలుస్తుంది. నేను ఊరుకుంటానా. తోపు దగ్గర మొదలుపెట్టి తోకముక్క, ఉప్పు, గురక, పూలు, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేశాను. ఆముదం సంగతి కూడా దాచలేదు. పేరమ్మ తల నేలలో పెట్టుకుని గుంజ పట్టుకుంది. రవణమ్మక్క నా వంక గుడ్లురిమింది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

గురవమ్మత్త చాలాసేపు కోడలి కాళ్ల వంకే చూసింది. ఇసుకకు ఒరుసుకుపోయి మడమల దగ్గర ఎర్రగా ఉన్నాయి.

"అంతా ఈ పొద్దే చెప్పేసినావా, రేపటికేమన్నా మిగిల్చుకున్నావా?" అంది.

"ఇంకా చానా ఉండాది అత్తా," అంది పేరమ్మ తల ఎత్తకుండానే.

"అయితే చోటెక్కడికీ పోదులే." గురవమ్మత్త కర్ర పక్కన పెట్టి, గడప అవతలికి కాళ్లు చాచుకుని సర్దుకుంది. "మస్తానమ్మా, లోపల గూట్లో ఆముదం గిన్నె ఉండాది, తే. పేరమ్మా, నువ్విట్టా ఎండలోకొచ్చి కూర్చో. కాళ్లు నా ఒళ్లో పెట్టు."

గిన్నె తెచ్చి ఇచ్చాను. పట్టపగలు, పాలెం నడిబజారులో, పెంచలయ్య కోడళ్లిద్దరూ చూస్తుండగా అత్త కోడలి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దింది. మేం గంపలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాం.