గలీబు ఉతికిన రోజు

చెదలు పట్టిన మట్టిగడ్డను తిప్పన్న అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో చిదిపాడు. తెల్లని పురుగులు అతని చేతిగీతల వెంట పారాడాయి. గూటి తలుపును ఒక వేలితో పైకెత్తి, గడ్డను లోపలికి జారవిడిచాడు. కౌజు పిట్ట రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసి, అప్పుడు తినడం మొదలుపెట్టింది. దాని గొంతు కింద నల్లని సన్నగీత ఒకటి ఉంది. మింగినప్పుడల్లా ఆ గీత కదులుతుంది. పదేళ్లుగా రోజూ చూస్తున్న కదలికే. ఇవాళ కూడా గడ్డ ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు.

వెదురుబద్దల గూడు అది. ఇంటి వెనకాల రేకుల గదిలో, దూలానికి కట్టిన కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. దానికి అతని భార్య బయమ్మ పాత నూలుచీరతో ఒక గలీబు కుట్టింది. పైన కొక్కేనికి చిల్లు, అడుగున లాగి ముడివేసే తాడు. గలీబు తొడిగితే కౌజుకు రాత్రి, తీస్తే పగలు. తెల్లవారిందనుకుని అది కూస్తుంది. తమ చోటులోకి ఎవడో వచ్చాడని పొదల్లోని కౌజులు రోషంతో పరుగెత్తి వచ్చి, గూటి చుట్టూ పన్నిన ఉచ్చుల్లో కాళ్లు పెడతాయి. అలా పిలిచే పిట్టను దీమపు పిట్ట అంటారు. వానల్లేని ఏళ్లలో తిప్పన్న నాయన ఇంటిల్లిపాదినీ దీమపు పిట్టల మీదే బతికించాడు. కాలేజీలో అటెండరు పని దొరికాక కూడా తిప్పన్న ఆదివారాలు ఉచ్చులు పన్నాడు. మానేసి ఆరేళ్లయింది.

ఇంకా ఈ పిట్ట ఎందుకంటే, చేతితో పెంచింది, వదిలితే పిల్లి నోట్లో పడుతుందని బయమ్మతో అనేవాడు. అది నిజమే. కానీ తాను ఈల వేస్తే అది బదులు పలుకుతుంది. ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఆ ఊళ్లో, అతను నోరు తెరవగానే బదులిచ్చేది అదొక్కటే. ఈ సంగతి అతను ఎవరితోనూ అనలేదు.

"ఆ గలీబు ఇట్లియ్యప్పా, ఉతికేస్తా," అంది బయమ్మ బకెట్టుతో వచ్చి. "రేపు నువ్వు పోతాండావు. మళ్ళ వారం దినాలు నేను దాని జోలికి పోను. కంపు కొడ్తాంది."

తాడు ముడి విప్పి ఇచ్చాడు.

కాలేజీ గేటు పక్కన కరీం సాబ్ టీ అంగడి. తిప్పన్నను చూడగానే కరీం సాబ్ గ్లాసు కడుగుతూనే గొంతెత్తాడు.

"ఏమప్పా తిప్పన్నా! పిట్టల్ని పట్టేటోడివి, పిట్టల్ని సూసేదానికి పోతాండావంట. అదీ చార్జీలు పెట్టుకోని!"

"మెల్లగ మాట్లాడు సాబూ."

"ఎందుకు మెల్లగ? నువ్వు తెచ్చిచ్చిన కౌజులు తినే గదప్పా నా మోకాళ్ళు నిలబడిండేది. ఆడ కొండల్లో లావు పిట్టలుంటాయంట. నా పేరు చెప్పి ఒకటి తీసుకరా."

బెంచీ మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. ఒక లెక్చరరు స్కూటరు నిలుపుతూ ఇటు చూశాడు. విన్నాడో లేదో తెలియదు. తిప్పన్న టీ సగం గ్లాసులోనే వదిలి లోపలికి నడిచాడు. వీపు మీద ఏదో పాకినట్టనిపించింది. చేయి వెనక్కి పెట్టి చూసుకున్నాడు. ఏమీ లేదు.

జువాలజీ ల్యాబులో గాజుసీసాల మీది దుమ్ము తుడవడం అతని పని. మందునీళ్లలో పాము, తేలు, పుట్టని మేకపిల్ల. ముప్పై ఏళ్లుగా వాటిని తుడుస్తున్నాడు. మూడేళ్ల కిందట భరత్ సార్ కొత్తగా వచ్చినప్పుడు, కిటికీ బయట అరిచిన పిట్ట పేరు తిప్పన్న తల ఎత్తకుండానే చెప్పాడు. సార్ ఆశ్చర్యపోయాడు. "నీకెలా తెలుసు తిప్పన్నా?" అని అడిగాడు. "చిన్నప్పుడు గొర్లు కాసేవాణ్ణి సార్. అప్పుడు సూసినా," అన్నాడు తిప్పన్న. గొర్లు కాసిన మాట నిజం, ఒక్క వేసవి. మిగిలింది చెప్పేందుకు నోరు తెరిచేలోపే సార్ తరగతిలోకి పోయాడు. ఆ రోజు చెప్పి ఉంటే ఒక్క మాటతో పోయేది. తర్వాత చెప్పాలంటే ఆ మాటతోపాటు, చెప్పకుండా ఊరుకున్న రోజులన్నీ చెప్పాలి. రోజులు పెరిగాయి. వన్యప్రాణి వారోత్సవాల్లో భరత్ సార్ అతన్ని వేదిక ఎక్కించి, "ఒక్క పిట్టను కూడా రాయెత్తి కొట్టని మనిషి" అని పిల్లలకు చెప్పి శాలువ కప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాయెత్తి కొట్టని మాట నిజమేనని, ఆ చప్పట్ల మధ్య నిలబడి తిప్పన్న అనుకున్నాడు. అనుకున్నందుకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇవాళ ల్యాబు బల్ల మీద పటం పరిచి ఉంది. పరీక్షలు అయిపోయాయి, రేపటి నుంచి సెలవులు. ఎనిమిదిమంది లెక్చరర్లు, తిప్పన్నతో తొమ్మిది. తెల్లవారుజామున బెంగళూరు బస్సు, అక్కడి నుంచి మైసూరు, ఆ పైన బిళిగిరి కొండల అభయారణ్యం. భరత్ సార్ పెన్సిలుతో దారి గీస్తూ చెబుతున్నాడు. ఎర్రబట్టలు, తెల్లబట్టలు వద్దు. ఉప్పు మూటలు కావాలి, వాన పడితే జలగలు పడతాయి. సెంటు పూసుకోకూడదు.

"వాన చూసేందుకైనా వస్తా నేను," అంది బోటనీ చెప్పే రేఖ మేడం. "పిట్టలు కనబడకున్నా పర్వాలేదు."

"ఒక పిట్ట మాత్రం కనబడకున్నా వినబడుతుంది మేడం. తెల్లవారకముందే వాగు పక్కన కూర్చుని అచ్చం మనిషిలా ఈల వేస్తుంది. దారి తప్పినవాడెవడో భయం పోగొట్టుకునేందుకు ఈల వేసుకుంటున్నట్టు. తిప్పన్న దానికి బదులు ఈల వేయాలి. అందుకే తీసుకుపోతున్నా."

సార్ ఆ సంగతి మొదటిసారి చెప్పిన రోజు నుంచి తిప్పన్న ఆ ఈల గురించే తలుస్తున్నాడు. యాభై ఏడేళ్లలో అతను పిట్టను పిలిచిన ప్రతిసారీ పిలుపు చివర ఒక ఉచ్చు ఉంది. ఊరికే పిలిచి, అది పలికితే విని, ఊరికే లేచి వచ్చేయడం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఒక్కసారి తెలుసుకుంటే చాలు. ఆ తర్వాత తాను వేరే మనిషినవుతానని కాదు. అయినా ఒక్కసారి.

కొండ మీద బసలో ఇవ్వవలసిన పట్టికలో ప్రతి పేరు పక్కన ఒక మాట రాయాలి. తిప్పన్న పేరు పక్కన భరత్ సార్ 'పక్షి ప్రేమికుడు' అని రాసి, సంతకం పెట్టమన్నాడు. పెన్ను పట్టుకున్న తన వేళ్లను తిప్పన్న చూశాడు. చూపుడువేలి మీద, ఉచ్చుతాడు కోసిన పాత మచ్చ ఉంది. మచ్చ కనబడకుండా వేలు మడిచి సంతకం పెట్టాడు.

"సాయంత్రం దుర్భిణి తెచ్చి మీ ఇంట్లో ఇస్తా. ఎలా వాడాలో కూడా చూపిస్తా," అన్నాడు సార్.

"వద్దు సార్. నేనే మీ ఇంటికాడికి వస్తా."

"మీ ఇల్లు చూడలేదు కదా ఇంతవరకు. వస్తాలే."

సాయంత్రం నాలుగున్నరకు కూడా రేకులు సెగలు కక్కుతున్నాయి. భరత్ సార్ వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. దండెం మీద గలీబు ఆరుతోంది. గాలి దూరినప్పుడల్లా గుండ్రంగా ఉబ్బుతోంది.

"ఇదేంది, భలే కుట్టినారే! దుర్భిణికి సరిపోతుంది," అన్నాడు సార్.

"పాత గుడ్డ సార్," అన్నాడు తిప్పన్న. బయమ్మ లోపలికి పోయింది.

సార్ దుర్భిణిని తిప్పన్న మెడలో వేశాడు. అద్దాలు తిప్పి చూపించాడు. దూరాన ఉన్న బోడిగుట్ట మీది రాళ్లు ఒక్కసారిగా ముఖానికి తగిలేంత దగ్గరికి వచ్చాయి. తిప్పన్న తల వెనక్కి లాక్కున్నాడు. సార్ నవ్వాడు.

"ఇంక నీ వంతు. ఒక్కసారి కౌజు కూత వినిపించు. రేపు బస్సులో రేఖ మేడం అడుగుతుంది."

"గొంతు బాగలేదు సార్."

"ఒక్కసారి."

తిప్పన్న పెదాలు తడుపుకున్నాడు. మెల్లగా, లోపలికి పీల్చినట్టుగా కూశాడు. కిటీలా, కిటీలా. అంత మెల్లగా అతను ఎన్నడూ కూయలేదు.

రేకుల గదిలోంచి బదులు వచ్చింది. గలీబు లేని పిట్ట. కిటీలా, కిటీలా, కిటీలా. గొంతు నిండుగా, గట్టిగా, ఎక్కడా వణుకు లేకుండా.

తిప్పన్నకు మొదట కలిగింది భయం కాదు. ఎంత బాగా పలికింది అనే గర్వం. అరక్షణం అది అతని ఛాతీలో నిలబడింది. తర్వాత అదే గర్వం తిరగబడి, చెవులదాకా వేడిగా పాకింది.

భరత్ సార్ లేచి నిలబడ్డాడు. "విన్నావా! ఎక్కడది?"

నాలుగే అడుగుల దూరంలో తలుపు ఉంది. తిప్పన్న చేయి లేచి, ఇంటి వెనక దూరంగా ఉన్న సర్కారుతుమ్మ పొదను చూపించింది. చేతిని తాను ఎత్తినట్టు అతనికి తెలియలేదు. తలుపులో నిలబడిన బయమ్మ వైపు చూసి మాత్రం కళ్లతో సైగ చేశాడు.

ఇద్దరూ వంగి నడిచి పొద ముందు కూర్చున్నారు. ఎండ వీపు మీద కాలుస్తోంది. భరత్ సార్ ఊపిరి బిగబట్టి ఆకుల మధ్య వెతుకుతున్నాడు. అతని మెడ మీద చెమట చుక్క ఒకటి జారి కాలరులో ఇంకిపోయింది. ఉచ్చు లేకుండా పొద ముందు కూర్చోవడం తిప్పన్నకు ఇదే మొదలు. ఇన్నాళ్లుగా కోరుకున్నది ఇదే కదా అనిపించి, తల దించుకున్నాడు. పొదలో ఏమీ లేదని తెలిసి కూడా కళ్లు చికిలించి చూశాడు. సార్ చూస్తున్నాడు కనక చూశాడు. అరగంట గడిచింది.

"పోయింది. వినడమే చాలు," అన్నాడు సార్ చివరికి. జేబులోంచి నోటుపుస్తకం తీసి రాస్తూ పైకి చదివాడు. "కౌజు, ఒకటి. తిప్పన్న ఇంటి వెనక తుమ్మపొద. కూత మాత్రమే." తర్వాత భుజం తట్టాడు. "ఈ ఏడు ఈ చుట్టుపక్కల నేను కౌజును వినడం ఇదే. నీ పిలుపుకే వచ్చింది."

తిరిగి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సార్ మజ్జిగ తాగి, పొద్దున అయిదున్నరకు బస్టాండులో ఉండమని చెప్పి వెళ్లిపోయాడు.

తిప్పన్న గదిలోకి పోయాడు. గూడు కొక్కేనికి లేదు. మూలన ట్రంకుపెట్టె పక్కన నేల మీద ఉంది. గూటి మీద వారోత్సవాల నాటి శాలువ. జరీ అంచు, లోపల దట్టమైన పాలిస్టరు. బయమ్మ దాన్ని రెండు మడతలు వేసి, నాలుగు వైపులా అడుగుకు దోపింది.

తీశాడు. కౌజు పక్కకు ఒరిగి ఉంది. ముక్కు తెరిచి ఉంది. గొంతు కింది నల్లగీత కదలడం లేదు. కొబ్బరిచిప్పలో నీళ్లు ఒలికిపోయి ఉన్నాయి.

"గలీబు తడిగ ఉండె. వాకిట్లో సార్ ముందర దండేనికి ఉండె. యాడ తీసుకురానప్పా దాన్ని?" అంది బయమ్మ. "మళ్ళ కూయబోయింది. నువ్వు సైగ చేస్తివి. పెట్టెలో చేతికి అందింది కప్పితి. గాలి ఆడలేదేమో."

"నీదేం తప్పు లేదు."

"అట్లనకు. తిట్టన్నా తిట్టు."

అతను గూటి తలుపు పైకెత్తి పిట్టను చేతిలోకి తీసుకున్నాడు. దీమపు పిట్ట చస్తే తినకూడదని నాయన చెప్పేవాడు. అది మనతోపాటు పనికి వచ్చిన మనిషి కింద లెక్క అనేవాడు. చీకటి పడకముందే ఆ తుమ్మపొద కిందే గుంట తవ్వాడు. బయమ్మ గుప్పెడు కొర్రలు వేసింది. శాలువను మడిచి మళ్లీ పెట్టెలో పెట్టింది. ఇంకెక్కడ పెట్టాలో ఆమెకూ తెలియలేదు.

మరునాడు అయిదున్నరకు బస్టాండులో బెంగళూరు బస్సు ఇంజను ఆడుతూ ఉంది. రేఖ మేడం కిటికీలోంచి చేయి ఊపింది. భరత్ సార్ కింద నిలబడి ఎదురుచూస్తున్నాడు.

"సంచేది తిప్పన్నా?"

తిప్పన్న మెడలోంచి దుర్భిణి తీసి ఇచ్చాడు.

"నిన్న రాసింది కొట్టేయండి సార్."

"ఏది?"

"కౌజుది. ఆడ కౌజు లేదు."

"ఇద్దరం విన్నాం కదయ్యా."

"విన్నాం సార్. పొదలో లేదు."

భరత్ సార్ అతని ముఖం వైపు చూశాడు. తర్వాత చేతుల వైపు చూశాడు. ఈసారి తిప్పన్న వేలు మడవలేదు.

"ఇంట్లోనా?" అన్నాడు సార్, బాగా తగ్గిన గొంతుతో.

"దీమపు పిట్ట సార్. పదేండ్లాయ. మా నాయన కాలం నుంచీ మేం పట్టేటోళ్ళమే."

"ఇప్పుడు?"

"నిన్న సాయంత్రం సచ్చిపాయ."

కండక్టరు విజిలు వేశాడు. భరత్ సార్ నోటుపుస్తకం ఉన్న జేబు మీద చేయి పెట్టాడు కానీ తీయలేదు.

"ఎక్కు తిప్పన్నా. దారిలో మాట్లాడుకుందాం."

సార్ తిట్టి ఉంటే తిప్పన్న బహుశా ఎక్కేవాడే. ఒక మూల సీట్లో కూర్చుని, ఆ తిట్లను ఒళ్లో పెట్టుకుని కొండదాకా పోయేవాడు. ఆ రెండు మాటల్లోని మెత్తదనాన్ని మాత్రం మోయలేకపోయాడు. తల అడ్డంగా ఊపాడు. బస్సు కదిలింది. కిటికీ పక్కన సార్ కూర్చున్నాడు. ఆయన పక్క సీటు ఖాళీగా ఉంది. మలుపు తిరిగేదాకా ఆయన ఇటే చూశాడు.

కరీం సాబ్ అంగడి ఇంకా తెరవలేదు. అటువైపు చూడకుండా తిప్పన్న ఇంటికి నడిచాడు. బయమ్మ నీళ్లకు పోయినట్టుంది, బిందె లేదు. అలవాటుగా వాకిట్లోనే పెదాలు తడుపుకోబోయి ఆగిపోయాడు.

గలీబు దండెం మీద అలాగే ఉంది. ఎప్పుడో ఆరిపోయింది. అడుగుతాడు కొసలు రెండూ విడిపోయి వేలాడుతున్నాయి. ఎన్నిసార్లు ఉతికినా పోని గూటి గుండ్రదనం మాత్రం ఆ గుడ్డలో ఇంకా ఉంది.