మూడోసారి

కామమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. విడవలూరు తీరంలో పొద్దున్నే జరిగే చేపల వేలంలో ఆమెకు ఎదురు లేదు. వేలం వేసే మాలకొండయ్య నోట "మూడోసారి" అన్న మాట పడేలోగా ధర పెంచి గంప ఎత్తుకుపోవడం ఇరవై ఏళ్ల అలవాటు. పోయినేడు ఫోనులో మంచుపెట్టె కొన్నప్పుడు ఆ అలవాటే కొంప ముంచింది. "ఈ ధర ఇంకా రెండు నిమిషాలే" అంటూ అంకెలు తరిగిపోతుంటే ఆగలేక నొక్కేసింది. అమ్మేవాళ్లు ముందే టిక్కు పెట్టి ఉంచిన 'రక్షణ పథకం', అంటే పెట్టె చెడితే బాగుచేసే చందా, కూడా పెట్టెతోబాటు అంటుకుంది. నెలనెలా రెండొందలు పోతున్నాయి. ఈ సాయంత్రంలోగా వదిలించుకోకపోతే ఇంకో ఏడాది తప్పదు.

నెల్లూరులోని ఒక వినియోగదారుల సంఘం నుంచి వచ్చిన ప్రత్యూష పక్కన కూర్చుంది. ఫోన్లు మనుషుల్ని ఎక్కడ తొందరపెడతాయో రాసుకుని ఫిర్యాదు చేయడం ఆ అమ్మాయి పని.

"చదువుకున్నదానివి, నువ్వే నొక్కి పోకూడదా పాపా?"

"మీరే నొక్కాలి అక్కా. ఎక్కడ ఆగిపోతారో నాకు తెలియాలి."

వెతగ్గా వెతగ్గా రద్దు చేసే పేజీ దొరికింది. "ఆలోచించుకోండి! సగం ధరకే రక్షణ. అరవై సెకన్లు మాత్రమే." కింద పచ్చగా, అరచేయంత 'కొనసాగించు'. దాని అడుగున బూడిదరంగులో, చీమంత 'వద్దు'.

యాభై. నలభై. చెవిలో మాలకొండయ్య గొంతు మోగింది. బొటనవేలు దానంతటదే పచ్చ రంగు మీదికి పోయింది. పాడు చెయ్యి! కామమ్మ దాన్ని పక్కనున్న చేపల గంపలోని మంచులో మణికట్టుదాకా కూరేసింది. పది. ఐదు. సున్నా.

అంకె మళ్లీ అరవై అయింది.

"ఏంది పాపా ఇది? మళ్లా మొదలెట్టినాడే!"

"ఎప్పుడూ అంతే అక్కా. ఆ గడువు ఉత్తదే."

కామమ్మకు సిగ్గు పోయి కోపం వచ్చింది. ఏడాదిగా తన తొందరనే తిట్టుకుంది.

"మూడోసారి అన్నాక మళ్లా ఒకటోసారి అంటే, మా మాలకొండయ్యని ఇసకలో పాతిపెడతాం. చేపంటే కుళ్లిపోద్ది, తొందరపడాల. పెట్టెకేం రోగం?"

మంచులోంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. చీమంత అక్షరాల మీద వేలు నిదానంగా ఆనించింది. రద్దయింది.

"రాసుకో పాపా," అంది. "కామమ్మ మూడోసారి దాకా ఆగినాది."