ఇటుక గోడతో నలభై నిమిషాలు

నేతమిల్లులో దారం చుట్టే అమ్మాయి చెయ్యి బెల్టులో పడింది. రెండు వేళ్లు పోయాయి. మేనేజరు కిందికి దిగి వచ్చి మొదట చూసింది అమ్మాయిని కాదు, బట్టమీద పడ్డ రక్తాన్ని. "అజాగ్రత్త," అన్నాడు. మర్నాటినుంచి పనిలోకి రావద్దన్నాడు. షెడ్డులో ఒక్క బెల్టుకీ అడ్డంగా జాలీ లేదు.

ఆ జాలీల గురించి పదకొండేళ్లుగా మాట్లాడుతున్నవాడు మైకు. పేరు వేరే ఉంది, ఎవరికీ గుర్తులేదు. నేతపనివాళ్ల తరఫున ఆఫీసుకి పోవాలంటే అతనే. ఆ రోజూ పోయాడు. జాలీలు వేయించమనీ, అమ్మాయిని పనిలో ఉంచమనీ నలభై నిమిషాలు మాట్లాడాడు. మేనేజరు టీ తెప్పించాడు, తలాడించాడు, "పైకి రాస్తాను" అన్నాడు.

క్యాంటీన్లో మైకు బెంచీ ఎక్కి జరిగిందంతా అప్పజెప్పాడు. సగంలో ఆఫీసు టైపిస్టు అడ్డం వచ్చాడు.

"ఏమనుకోకన్నా. నువ్విటు దిగావో లేదో, ఆయన ఓనరుకి ఫోన్ చేసి ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు. పాపం ఇటుక గోడతో మాట్లాడి పోయాడని."

"గోడెవరు, నేనా?"

"నువ్వు కాదు, ఆయనే. ఎంత చెప్పినా చెవిన పెట్టనివాడి దగ్గర గొంతు చించుకుంటే వాళ్లలో ఆ మాట అంటారు."

"గోడనని వాడే ఒప్పుకున్నాడుగా, ఇక సున్నమేసి వదిలెయ్యన్నా!" అన్నాడెవరో. అందరూ నవ్వారు. మైకు నవ్వలేదు.

అప్పుడు కొత్తామె లేచింది. వేరే మిల్లునుంచి వచ్చి మూడు నెలలైంది. "గోడకి చెప్పేదేముంది? మనలో మనం చెప్పుకుందాం," అని కూర్చుంది. అంతే. తింటున్నవాళ్లు తినడం ఆపారు. మైకు మాట్లాడినంతసేపూ ఒక్క చెయ్యీ ఆగలేదు.

అతని భార్యా అదే షెడ్డులో నేస్తుంది. అన్నం దగ్గర అడిగాడు. "ఏముందే ఆవిడలో?"

"ఎవరిలో?"

"అదే, మూడు నెలల నాయకురాల్లో."

"ఆమె మాట్లాడితే పక్కవాళ్లకి కూడా మాట్లాడాలనిపిస్తుందయ్యా. నువ్వు మాట్లాడితే నువ్వే వినిపిస్తావు."

మైకు కంచం పక్కకి తోసి లేచాడు.

మగ్గాల మోతలో మాట వినపడదు. షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నీళ్లకి పోవాలంటే బొటనవేలు, మగ్గం ఆపమంటే తెరిచిన అరచెయ్యి. మర్నాడు పదింటికి కొత్తామె అరచెయ్యి ఎత్తింది. పక్కామె ఎత్తింది. వరస వెంబడి చెయ్యి వెనక చెయ్యి లేచింది, మగ్గం వెనక మగ్గం ఆగింది. సైగ మైకుదాకా వచ్చేసరికి అది భార్య చేతిమీద ఉంది. ఎందుకని ఆమె ఎవరినీ అడగలేదు. అంటే ఆమెకి ముందే తెలుసు. తనకే చెప్పలేదు. కడుపు మండింది. తన మగ్గాలు ఆపలేదు.

నూట పదహారు ఆగాయి. నాలుగు కొట్టుకుంటున్నాయి. అయినా అందరూ చూస్తున్నది కొత్తామెనే.

మేనేజరు పరుగున వచ్చి మైకు భుజంమీద చెయ్యేశాడు. "బుద్ధున్నవాడివి నువ్వొక్కడివే. ఎవరు మొదలెట్టారు?"

చెబితే సాయంత్రానికి ఆమె గేటు బయట ఉంటుంది. క్యాంటీన్ బెంచీ మళ్లీ తనదవుతుంది. భార్య కళ్లార్పకుండా చూస్తోంది. మైకు నాలుగు మగ్గాలూ ఒక్కొక్కటే ఆపాడు.

"నేను," అన్నాడు. కొత్తామెని కాపాడాలని కొంత. ఆ పని తనదై ఉండాల్సిందన్న దుగ్ధ ఇంకాస్త ఎక్కువ.

మేనేజరు పకపకా నవ్వాడు. "నువ్వా? నువ్వు మాట్లాడతావయ్యా, అంతే." మగ్గాలు మీరే నడపండని సూపర్‌వైజర్లకి చెప్పాడు.

మైకు నేరుగా స్విచ్చు బోర్డు దగ్గరికి పోయాడు. మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు.

రెండింటికి పోలీసు జీపు వచ్చింది. బేడీలేసి గేటుదాకా నడిపించారు. వెనక షెడ్డంతా నడిచింది. భార్య అతని చొక్కా గుండీ పెట్టి, "ఈరోజు బాగా మాట్లాడావయ్యా," అంది.

జీపెక్కుతూ కొత్తామె తనని చూస్తోందా అని వెతికాడు. లేదు. టిఫిన్ డబ్బాలతో వస్తున్న రెండో షిఫ్టువాళ్లకి ఆమె అరచెయ్యి ఎత్తి చూపిస్తోంది. తన అరెస్టు రోజున కూడా జనం కళ్లు ఆ చేతిమీదే. మళ్లీ మండింది.

రెండో షిఫ్టులో ముందు నడుస్తున్నవాడు ఆగాడు. బేడీలు చూశాడు. డబ్బా రోడ్డుమీద పెట్టి జీపు ముందు కూర్చున్నాడు. పక్కన ఇద్దరు కూర్చున్నారు, తర్వాత వరస. డ్రైవరు హారన్ కొట్టి, గేరు మార్చి, వెనక్కి తిప్పబోయాడు.

"వెనక కూడా కూర్చోండి!" అని జీపులోంచి మైకు అరిచాడు.

షెడ్డంతా కూర్చుంది.