విప్పని కత్తి

ఆ మహానుభావుడికి కత్తుల పిచ్చి. పిచ్చంటే కోసే పిచ్చి కాదు, ఎంచుకునే పిచ్చి. మూడు నెలలుగా కంచం ముందు కూర్చున్నా ఫోనులో కత్తులే. మడతపెట్టేది మేలా, మడవనిది మేలా? తుప్పు పట్టని ఉక్కా, పదును నిలిచే ఉక్కా? పటకారు ఉన్నది కొనాలా, కత్తెర ఉన్నది కొనాలా? ఇదివరకు కొన్నవి నూనె రాసి బీరువాలో పడుకోబెట్టాడు. వంటింటి కత్తి టమాటాని కోయడం మానేసి నలుపుతోందని భార్య మొత్తుకుంటే మాత్రం, "మంచిది చూస్తున్నా, ఉండు" అనేవాడు. చూస్తూనే ఉన్నాడు.

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. అడిగి అడిగి సంపాదించిన రెండు రోజుల సెలవులో, ఆరేళ్ళ కూతుర్ని తీసుకుని ఏటి ఒడ్డున గుడారం వేసుకుందామని బయలుదేరారు. ఆవిడ సంచిలో ఆ మొండి కత్తే పెట్టింది. ఆయన తీసి వంటింటి గట్టు మీద పడేశాడు. డ్యూటీలో జేబులో ఉండే కత్తెర పెట్టింది. అదీ తీసేశాడు.

"ఎవరైనా చూస్తే నవ్వుతారు. కత్తుల సంగతి నాకొదిలెయ్. నేనున్నాగా!"

నమ్మింది, అదే ఆవిడ చేసిన తప్పు.

మర్నాడు పొద్దున పొయ్యి మీద టీ మరుగుతుంటే, పిల్ల ఏడుస్తూ విరిగిన కొమ్మ ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. ఎవరో వదిలేసిన గాలపు దారం దొరికితే చూపుడువేలికి చుట్టుకుని ఆడుకుందట. రెండో కొస పొదలో చిక్కుకుంటే బలమంతా పెట్టి లాగిందట. కొమ్మ విరిగింది గానీ దారం తెగలేదు. ముడి బిగుసుకుని నైలాను మాంసంలోకి దిగింది. వేలు ఉబ్బి, కొస నీలంగా మారుతోంది. ఆలస్యమైతే ఇలాంటి వేళ్ళు ఏమవుతాయో ఆ తల్లి వార్డులో చూసింది.

"ఏవండీ, కత్తి! తొందరగా!"

ఆయన గుడారంలోకి దూరి సంచి బోర్లించాడు. బయటికొచ్చినప్పుడు చేతిలో కొత్త పనిముట్టు ఉంది. కత్తి, కత్తెర, పటకారు, రంపం అన్నీ ఒక్కదాంట్లోనే. ఎండకి తళతళా మెరుస్తోంది, అట్టకి అతికించిన గట్టి ప్లాస్టిక్ లోపల. ఆయన గోళ్ళతో అంచు గీకాడు. ఊడి రాలేదు.

"విప్పలేదా ఇంకా?"

"విప్పితే షాపువాడు మార్చడు. ఇంకోటి కూడా చూస్తున్నా, అది బాగుంటే..."

"మిగతావి?"

"తేమకి పాడైపోతాయని ఇంట్లోనే ఉంచా."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టడానికి కూడా తీరిక లేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుని, ముడి పక్కన గోరు దూర్చి, కాస్త సందు చేసి, పళ్ళతో పట్టింది. పిల్ల కెవ్వుమంది. దారం జారి ఆవిడ పెదవి కోసింది. మళ్ళీ పట్టింది. కొరికి, నమిలి, తెంపింది. చుట్లు ఒక్కొక్కటే విప్పింది.

"అమ్మా, వేలు చిమచిమలాడుతోంది."

"ఆడనీ తల్లీ. తెలుస్తోంది కదా, అది చాలు."

మెల్లగా వేలికి ఎరుపు తిరిగింది. ఈలోగా ఆయన అట్టని రాయికేసి బాది బాది చించాడు. "వచ్చేసింది!" అని లేచి, చేతిలో చిరిగిన అట్ట చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

"ఛ, ఇక మార్చడు."

పెళ్ళయినప్పటినుంచి ఆయన్ని 'మీరు' అనే పిలిచిన మనిషి తలెత్తింది. గడ్డం మీదికి నెత్తురు కారుతోంది.

"కత్తి మార్చడని ఏడుస్తున్నావా? వేలు పోయుంటే ఎవడు మార్చేవాడు నీకు? ఇటివ్వు."

ఇచ్చాడు. కొమ్మకి మిగిలిన దారాన్ని ముక్కలు ముక్కలుగా కోసి ఆవిడ సంచిలో వేసింది. టీ ఇగిరిపోయి గిన్నె అడుగు నల్లగా మాడింది. ఆయన కళ్ళముందే ఆ మెరిసే బ్లేడుతో ఆ గిన్నెని గరగరా గీకింది.

"గీతలు..." అనబోయాడు.

ఆవిడ ఇంకాస్త గట్టిగా గీకింది. గిన్నె శుభ్రమయ్యాక ఆవిడ కత్తి మడిచి, తన జేబులో వేసుకుంది.