చక్కెర వేయని కప్పు

ఆ విగ్గు కింద తల దురద పెట్టదా ఈ పిల్లకి, నల్లగౌను వేసుకుని నా ఎదుట నిలబడి, మిసెస్ సట్‌క్లిఫ్ గారూ, పగటిపూట మీ వెనక తలుపుకి గడియ వేస్తారా అని అడుగుతోంది, డెరిక్ తరఫు లాయరు, వేయనమ్మా, మా వీధిలో ఎవరూ వేయరు అన్నాను, వేస్తే ఇరుగుపొరుగు ముఖం మీద తలుపేసినట్టే, ముందు తలుపు పెళ్ళికూతురికీ శవపేటికకీ, వెనక తలుపు మిగతా లోకానికి, మా ఆయన హారల్డ్ కూడా పోయినప్పుడు ముందు తలుపులోంచే వెళ్ళాడు, ఆయన పందెం పావురాలు గూటికి చేరిన వేళ అచ్చువేసే గడియారం మాత్రం వంటింటి అలమర మీదే ఉండిపోయింది, అదే ఇప్పుడు ఆ బల్ల మీద, ప్లాస్టిక్ సంచిలో, చీటీ కట్టించుకుని, దిక్కులేనిదానిలా.

ముద్దాయి బోను అద్దాల వెనక డెరిక్, నావైపు చూడడే, చూడరా, పక్కింటి ఐవీ కొడుకువి, నలభై ఏళ్ళొచ్చినా ఆంటీ ఉన్నావా అంటూ వచ్చి కెటిల్ నువ్వే పెట్టేవాడివి, నా చేతి కేకు తిని నా మొగుడి గడియారం ఎత్తుకుపోయి సంతలో అమ్ముకుంటావా, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను, కడుపు మండింది, ఇప్పటికీ మండుతోంది, తీశానని వాడే ఒప్పుకున్నాడట, మరి ఇంకా ఈ కోర్టెందుకే అంటే మా చెల్లెలి కూతురు రోవెనా, లా చదువుతోంది, పెద్దమ్మా, తీయడం ఒక నేరం, దొంగగా ఇంట్లో దూరడం ఇంకో నేరం, ఆ రెండోది వాడి మీద ఇదివరకే రెండుసార్లు ఉంది, ఇది మూడోది అయితే మూడేళ్ళు లోపలే అంది, నేనే రమ్మన్నానుగా అన్నాను, టీకి రమ్మన్నావు, దొంగతనానికి రమ్మనలేదుగా, గడప దాటేటప్పుడే మనసులో దొంగబుద్ధి ఉంటే నీ పిలుపు చెల్లదు, లోపలికొచ్చాక పుడితే ఉత్త దొంగతనమే, అంది బిస్కెట్ టీలో ముంచుతూ, గడప మీద వాడి మనసులో ఏముందో నాకేం తెలుసే, నలభై ఏళ్ళు కాపురం చేసినా హారల్డ్ మనసే తెలియలేదు నాకు.

మూడేళ్ళంటే వాడు వచ్చేసరికి ఐవీ ఉండదు, ఆవిడకి ఆక్సిజన్ సిలిండర్ మార్చేది వీడే, పోనీ నాకేం, ఎవరు చేసుకున్నది వాళ్ళనుభవిస్తారు, ఆ రోజు మీరు ఇంటికొచ్చి ఏం చూశారు అంటోంది విగ్గు పిల్ల, ఏం చూశాను, సరుకులతో వెనక గేటు తోశాను, లోపల ముందు తలుపు ధడేల్మంది, ఆ తలుపు మోగితే ఎవరో పోయినట్టే నాకు, వెనక మెట్టు మీద వాడి బూట్లు, మేజోళ్ళతోనే పారిపోయాడు వెధవ, శుక్రవారం నేల తుడుస్తానని వాడికి తెలుసు, అందుకే విప్పాడా, చప్పుడవుతుందని విప్పాడా, పోలీసాయన అడగలేదు, నేను చెప్పలేదు, చెప్పడం ఇష్టం లేకే చెప్పలేదు, కెటిల్ ఇంకా బుసకొడుతోంది, అయితే ఏం, దొంగకి దాహం వేయదా, అలమర మీద ఖాళీ చూసి ఒళ్ళు మండి బల్ల మీది కప్పు తీసి సింకులో పడేశాను, కప్పు కాదు, కప్పులు, రెండు.

ఒకదాంట్లో మూడు చెంచాల చక్కెర, అది వాడిది, ఇంకోదాంట్లో టీ బ్యాగు ఒక్కటే, చక్కెర లేదు, నేను వేసుకోను, హారల్డ్ పోయాక ఆ ఇంట్లో నాకోసం కప్పు పెట్టినవాడు వీడొక్కడే, మిసెస్ సట్‌క్లిఫ్ గారూ, వినిపిస్తోందా అంటోంది ఆ పిల్ల, వినిపిస్తోందమ్మా, చెబుతాను, కోపం ఎక్కడికీ పోలేదు, గడియారం తీసినందుకు వాడితో జన్మలో మాట్లాడను, కానీ గడప దాటేటప్పుడు వాడి మనసులో ఏముందో నాకు తెలుసు, నాకు టీ పెట్టాలని ఉంది.