నలభై రెండు కాగితాల మీద పేరు

ఓగుస్తీన్ వెర్నూ గారి సంగీతానికి పదకొండేళ్లుగా నకళ్లు రాస్తున్నది నేనే. ఆవిడకు అరవై ఒకటి నిండాయి. తన సింఫనీని ఒక్కసారైనా చెవులారా వినకుండానే పోతారేమోనని నాకు ఒకటే బెంగ.

ఆ ఏడు మా లియోన్‌లో ఒక సంగీత సమాజం సింఫనీల పోటీ పెట్టింది; గెలిచినదాన్ని పెద్ద వాద్యబృందం చేత వాయిస్తారట. కాగితాల మీద గుర్తుగా ఒక వాక్యం రాసి, పేరు మాత్రం సీలు వేసిన కవరులో పెట్టి పంపాలి. ఆవిడే గెలిచారు. కవరులో ‘ఓ. వెర్నూ’ అని ఉండేసరికి మగవాడే అనుకుని, ‘మస్యూ వెర్నూ గారికి అభినందనలు’ అని ఉత్తరం రాశారు మహానుభావులు!

ఆవిడ పకపకా నవ్వి జవాబు రాశారు: ‘నేను మస్యూను కాను, మదాం ఓగుస్తీన్ వెర్నూను. ప్రకటనల్లో నా పేరు పూర్తిగా వెయ్యండి.’

సమాజం కార్యదర్శి గిబార్ తిరుగుటపాలో రాశాడు: ‘ఆ ఒక్క అక్షరమే ఉంచుదాం మదాం. ఆడవాళ్ల సింఫనీ అంటే జనం రారు.’

“పోనీలెండి అమ్మగారూ, ముందు వాయించనివ్వండి. పేరుదేముంది!” అన్నాను.

ఆవిడ నావైపు గుర్రుగా చూశారు.

“నా మొదటి పాటలు మా ఆయనవి అనుకున్నారు. తర్వాతవి మా తమ్ముడివి అనుకున్నారు. ముప్పై ఏళ్లు ఆ అక్షరం చాటున దాక్కున్నాను, ఇక చాలు క్లోతిల్ద్! వాయించేవాళ్లకిచ్చే నలభై రెండు నకళ్ల మీదా పూర్తి పేరు రాయి.”

నాకూ పౌరుషం వచ్చింది. కలం సిరాలో బాగా ముంచి, నొక్కిపట్టి మరీ రాశాను.

సాధన రోజు పొద్దున్నే గిబార్ ఆ కాగితాలు చూసి మండిపడ్డాడు.

“ఆ పేరు గీకెయ్యండి! లేకపోతే వాయించేది లేదు.”

తప్పు పడితే సిరాను చాకుతో గీకడం మా పనిలో మామూలే. ఓగుస్తీన్ గారు నా పెట్టెలోంచి చాకు తీసి అతని చేతిలో పెట్టారు.

“నా పేరు నేను గీకను. మీరే గీకండి.”

“గీకుతాను, నాకేం భయమా?”

మొదటి వయొలిన్ కాగితం అందుకుని కసిగా గీకాడు. సిరా లోతుగా దిగి ఉంది, కాగితానికి చిల్లు పడింది. వెనక వైపున్న స్వరాలు కూడా పోయాయి.

“నా స్వరాలేవండీ? మింగేశారా?” అన్నాడు వయొలిన్ వాయించే ముసలాయన. అందరూ గొల్లున నవ్వారు.

బృందాన్ని నడిపే ఆయన గడియారం చూశాడు. “మధ్యాహ్నం నుంచి హాలు వేరేవాళ్లది. వాయిద్దామా, మిగతా నలభై ఒకటికీ చిల్లులు పెడదామా?”

గిబార్ చాకు పడేసి కూలబడ్డాడు.

అతుకు వెయ్యడానికి కాగితం లేదు. ఓగుస్తీన్ గారు సంచిలోంచి ఆ ‘మస్యూ’ ఉత్తరం తీసి, రాత లేని అడుగు భాగం చింపి ఇచ్చారు. నేను అతికించి, వెనక స్వరాలు రాశాను. ముందు వైపు తన పేరు ఆవిడే రాసుకున్నారు.

వాయిద్యాలు మొదలయ్యాయి. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

“వినపడుతోందే క్లోతిల్ద్” అన్నారు. “అచ్చం నేను రాసినట్టే వినపడుతోంది.”